కంపెనీ బస్సు వచ్చిన సోమవారం

సత్తెన్నా, నేను అనసూయను.

నువ్వు పోయి పదకొండు నెలలైంది. బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. పోయినవాళ్లను ఏమని అడుగుతారు... నాకు తెలియదు. ఇక్కడి సంగతులే చెప్తాను, విను.

వదినె బాగానే ఉంది. బీపీ గోళీ రోజూ వేసుకుంటోంది. మా ఆయనకు, అదే నీ బామ్మర్దికి, మల్లాపూర్‌లో ఒక వెల్డింగ్ షాపులో పని కుదిరింది. డ్రైనేజీ పైపుల కోసమని మన నాచారం గల్లీ మొత్తం తవ్విపోశారు. పైపులు వేశారు కానీ పైన సిమెంటు ఇంకా పోయలేదు. మూలమీద మూతపడ్డ షెడ్డు పడగొట్టి పెద్ద గోదాము కట్టారు. అందులో పనికని ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు మన గల్లీలోనే గదులు తీసుకున్నారు. కిరాణా కొట్టాయన ఇప్పుడు హిందీలో మాట్లాడుతున్నాడు. నువ్వు వింటే పడీ పడీ నవ్వేవాడివి.

నీ ఆటో అమ్మేశాం అన్నా. మొన్న బుధవారమే... చిల్కానగర్ అతనొకడు వచ్చి తీసుకుపోయాడు. ఆ రోజు వదినె నాతో ఒక మాట చెప్పింది. అప్పటినుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. అది చెప్పాలంటే వెనక్కి పోవాలి. నీకు తెలియనివేమీ కావు. అయినా నా నోటితో మొదటినుంచి చెప్పాలి.

నీ బామ్మర్ది పనిచేసే షెడ్డు మూతపడి ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమైనప్పుడు, నన్ను చర్లపల్లి మందుల కంపెనీ గేటు దాకా తీసుకుపోయింది నువ్వే. ఇంటర్ చదివిన పిల్ల, మా బామ్మర్ది భార్య అని సెక్యూరిటీ ఆయనకు చెప్పి లోపలికి పంపించావు. గోళీల స్ట్రిప్పులు డబ్బాల్లో సర్దే ప్యాకింగ్‌లో పెట్టుకున్నారు. మర్నాటినుంచి నీ ఆటోలోనే నా ప్రయాణం. నాతో కలిపి తొమ్మిదిమంది ఆడవాళ్లం. వెనక సీట్లో ముగ్గురు, దానికి ఎదురుగా నువ్వు బిగించిన బల్లమీద నలుగురు, నీకు అటొకరు ఇటొకరు. పదేళ్లు అట్లాగే పోయాం.

పొద్దున ఏడింటికి గల్లీలో రెండుసార్లు హారన్ కొట్టేవాడివి. ముందు లచ్చమ్మ ఇంటి ముందు ఆగేవాడివి, ఆమెకు మోకాళ్ల నొప్పులని. ఆమె ఎక్కడానికి చిన్న పీట ఒకటి ఆటోలోనే పెట్టుకున్నావు. ఇక ఇరుక్కోవడానికి సందు లేదని మేము గొణిగితే, "జర జరుగుండ్రి, నా ఆటో గుంజితే సాగుతది" అనేవాడివి. పిల్లకు టిఫిన్ డబ్బా సర్దుతూ నేను ఆలస్యం చేసిన రోజులెన్నో... ఒక్కరోజైనా నన్ను వదిలేసి పోయావా? పోలేదు. మిగతావాళ్లు విసుక్కుంటే, "బండి యెల్లిపోతె ఆమె ఏడికి పోతది" అనేవాడివి.

తర్వాత నేను సూపర్‌వైజర్‌నయ్యాను. గల్లీ అంతా లడ్డూలు పంచింది నువ్వు, నేను కాదు.

ఆ ఏడు వానాకాలంలో మల్లాపూర్ దిగుడులో ఆటో ఒక పక్కకు ఒరిగింది, గుర్తుందా? మూడు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంది. నువ్వు ఎట్లాగో నిలబెట్టావు. మాతో వచ్చే స్వరూప చెయ్యి రేకుకు గీసుకుని రక్తం కారింది. నువ్వే దవాఖానాకు తీసుకుపోయి కట్టు కట్టించావు. తర్వాత నాలుగు రోజులు స్వరూప గొణుగుతూనే ఉంది, ఇట్లా కుక్కుకుని పోతే ఎప్పుడో ఒకప్పుడు చస్తామని. ఆమెది పెద్ద నోరు, మనసులో ఏమీ ఉండదు. నువ్వు నవ్వి ఊరుకున్నావు.

పది రోజులకు మేనేజర్ సార్ నన్ను తన గదికి పిలిచాడు. నాచారం వైపునుంచి ఆడవాళ్లు ఎట్లా వస్తున్నారని అడిగాడు. ఆటోలో అన్నాను. ఎంతమంది అన్నాడు. తొమ్మిదిమంది అన్నాను. అది భద్రమేనా, కంపెనీ బస్సు పెడితే మేలా అన్నాడు.

భద్రం కాదు సార్, బస్సే మేలు అన్నాను.

అబద్ధం చెప్పలేదు అన్నా. ఆ దిగుడులో చక్రం లేచినప్పుడు నా ప్రాణాలు నిజంగానే పైకి పోయాయి. కానీ అదొక్కటే కాదు. మిగతా సూపర్‌వైజర్లు స్కూటీల మీద వచ్చి గేటు ముందు దిగుతుంటే, నేను ఆ బల్లమీదనుంచి కొంగు సర్దుకుంటూ వంగి దిగడం నాకు నామోషీగా ఉండేది. నోరు తెరిపించింది భయమా, నామోషీయా? ఇప్పటికీ తేల్చుకోలేను.

శుక్రవారం నోటీసు పెట్టారు. సోమవారం నుంచి బస్సు. అది గల్లీలోకి రాదు, మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. నీకు చెప్పడానికి నాకు రెండు రోజులున్నాయి. ఆదివారం నువ్వు మమ్మల్ని తినడానికి పిలిచావు. వదినె బోటీ కూర చేసింది. నువ్వు నా పళ్లెంలో రెండోసారి వడ్డించి, "ఏంది చెల్లె, కంపెనీల కొత్త సంగతులేమన్న ఉన్నయా" అని అడిగావు.

ఏం లేవన్నా అన్నాను.

సోమవారం పొద్దున ఎనిమిదిమందిమి మెయిన్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంటే నీ ఆటో వచ్చింది. లోపల లచ్చమ్మ ఒక్కతే ఉంది. మెయిన్ రోడ్డు దాకా నడవలేక నీతోనే వచ్చింది. నేను బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. నువ్వు ఆటో మెల్లగా నడిపిస్తూ, "మంచిగ కాళ్లు సాపుకొని కూసోండ్రి, బస్సు పెద్దగుంటది" అని నవ్వి పోయావు. నీ మొహం నేను చూడలేదు. నవ్వు వినబడింది, అంతే.

తర్వాత నాలుగు నెలలు, లచ్చమ్మ ఒక్కదానికోసం రోజూ చర్లపల్లి దాకా వచ్చిపోయావు. ఆమెను దింపి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బేరాలకు నిలబడేవాడివి. అక్కడ భువనగిరి, వరంగల్ బస్సులు దిగేవాళ్లంతా ఫోన్లో బండి పిలుచుకుంటున్నారు. నీదేమో బటన్ల ఫోను. ఒక్కోరోజు మధ్యాహ్నం దాకా ఒక్క బేరమూ తగిలేది కాదని నీ బామ్మర్ది చెప్తే విన్నాను. విని ఊరుకున్నాను. ఆదివారాలు ఎప్పుడైనా కలిస్తే, "బస్సుల సీటు దొరుకుతుందా చెల్లె" అని అడిగేవాడివి. అది దెప్పిపొడుపు అనుకున్నాను. మెల్లగా మీ ఇంటికి రావడం తగ్గించాను.

ఇంతలో బస్సు ఎందుకు పెట్టారని ఆడవాళ్లలో మాట మొదలైంది. ఎవరో ఆటో మీద చెప్పి ఉంటారన్నారు. ఎవరంటే... స్వరూప అన్నారు. చెయ్యి గీసుకుంది ఆమెకే, గొణిగింది ఆమే కదా. స్వరూప పిల్లలమీద ఒట్టు పెట్టింది. ఎవరూ నమ్మలేదు. నేను అక్కడే ఉన్నాను, టీ గ్లాసు చేతిలో పట్టుకుని.

నువ్వు పోయిన ఆ మంగళవారం లచ్చమ్మను దింపి, గ్యాస్ బంకు దగ్గర లైన్లో ఉన్నావట. ఛాతీలో పట్టేసినట్టుందని వెనక ఆటో అతనితో అన్నావట. నీళ్లు తెచ్చేలోపే...

మాకు తెలియదు అన్నా. ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి పోతాం కదా. ఒంటిగంటకు అన్నానికి వచ్చి చూస్తే నీ బామ్మర్ది పదిసార్లు ఫోన్ చేసి ఉన్నాడు. నేనూ లచ్చమ్మా గేటు బయటికి పరిగెత్తాం. బస్సు అయిదింటికి గానీ కదలదు. ఫోన్లో బండి పిలిస్తే ఒకడు వస్తున్నానని రాలేదు, ఇంకొకడు వద్దన్నాడు. లచ్చమ్మ ఎండలో గోడ పట్టుకుని నిలబడి, "సత్తెన్నకు ఫోన్ కొట్టరాదే" అంది. మరుక్షణం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏడుపు రాలేదు. చివరికి నీళ్ల క్యాన్ల ట్రాలీ అతను ఒకడు దయతలచి ఎక్కించుకున్నాడు. మేము వచ్చేసరికి నిన్ను దవాఖానా నుంచి తెచ్చి ఇంటి ముందు పడుకోబెట్టారు.

పదకొండో దినం భోజనాల దగ్గర నేను వడ్డిస్తున్నాను. స్వరూప వచ్చి ఒక మూల కూర్చుంది. ఎవరో, ఎవరో ఏమిటి... మన ఆటోలో పోయినవాళ్లే, "దీని నోటికే ఆయన బతుకు ఆగమైంది" అన్నారు, ఆమెకు వినబడేటట్టే. స్వరూప విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడుక్కోకుండా వెళ్లిపోయింది. నా చేతిలో అన్నం బకెట్ ఉంది. ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. పక్క విస్తట్లో అన్నం వేశాను.

ఆ తర్వాత లచ్చమ్మ పని మానేసింది, మెయిన్ రోడ్డు దాకా నడవలేక. ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని ఒక హోటల్‌కు వెల్లుల్లి పొట్టు తీసి ఇస్తోంది. మూడు నెలల క్రితం బస్సు కాంట్రాక్టు మారింది. కొత్త బస్సు నాచారం వైపే రాదు, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గరే ఎక్కాలి. చర్లపల్లి పోవడానికి ముందు వెనక్కి ఉప్పల్ పోతున్నాం. ఆరుంబావుకే ఇల్లు వదలాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే బస్సు ఆగదు. ఇద్దరు మానేశారు. నేను మేనేజర్ సార్‌ను రెండుసార్లు అడిగాను. చూద్దాం అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఇక మొన్నటి బుధవారం... ఆటో అమ్మకం కాగితాలు చదివి పెట్టమని వదినె నన్ను పిలిపించింది. నువ్వు పోయినప్పటినుంచి ఆమె నాతో అవసరానికి తప్ప మాట్లాడదు. కాగితాలు చదివి, ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపించాను. చిల్కానగర్ అతను ఆటో తోలుకుపోయాక ఇద్దరం గడపలో కూర్చున్నాం. ఉండబట్టలేక చెప్పేశాను. వదినే, బస్సు మేలని మేనేజర్‌కు చెప్పింది నేనే అన్నాను.

వదినె నా వైపు తిరగలేదు.

"నాకెరుకే" అంది. "మీ అన్నకు గూడ ఎరుకే. శుక్రారం నాడే గేటుకాడి సెక్యూరిటాయన, మేనేజర్ నోట ఇని, ఫోన్ జేసి చెప్పిండు."

మరి నన్నెందుకు అడగలేదని నేను అడిగాను.

"ఆయన అడగనియ్యలె. బస్సు గావాలన్నది తప్పు మాట గాదన్నడు. అందర్ని ఎక్కించుకొని ఆ దిగుడు దిగుతుంటె నాకే గుండె దడదడ అంటది అన్నడు. అనసూయనే వచ్చి చెప్తది, నువ్వు కదపకు అన్నడు. ఆయితారం నిన్ను బువ్వకు పిలిచింది గందుకే."

మళ్లీ తనే అంది, "పోయేదాక సూసిండు. ఇయ్యాల చెప్తదేమో, రేపు చెప్తదేమో అని."

అన్నా, ఇన్నాళ్లూ నేను బస్సు గురించే కుమిలిపోయాను. నా మాటకే నీ బతుకుదెరువు పోయిందని... నీకు దాని మీద కోపమే లేదట! నువ్వు నా నోటినుంచి ఒక్క మాట కోసం చూశావు. పళ్లెంలో కూర వడ్డిస్తూ అడిగావు, సీటు దొరుకుతుందా అని అడిగావు. ప్రతిసారీ నాకోసం తలుపు తీసిపెట్టావు. నేనేమో దెప్పుతున్నావనుకుని తప్పించుకు తిరిగాను. పదేళ్లు నేను ఆలస్యం చేస్తే ఆగినవాడివి... ఈ ఒక్కసారి నేను అసలు రానేలేదు కదా?

వదినె కొంగుతో మొహం తుడుచుకుని లేస్తూ చివరికి ఒక్కటే అంది. "నాకు చెప్పినవు. నాకు చెప్తె ఏమొస్తది? ఆ స్వరూప ఈ గల్లీల తలెత్తుకొని నడువక ఏడాదైతుంది."

నిజం తెలిసి కూడా తానెందుకు బయటపెట్టలేదని వదినెను అడగలేకపోయాను. ఆ హక్కు నాకెక్కడిది?

రేపు పొద్దున రింగు రోడ్డు దగ్గర బస్సు కోసం అందరం నిలబడతాం. స్వరూప ఎప్పటిలాగే మెట్రో మెట్ల కింద, దూరంగా, ఒక్కతే నిలబడుతుంది. బస్సు రాకముందే ఆమె దగ్గరికి పోయి, అందరికీ వినబడేటట్టు చెప్తాను. మేనేజర్ గదిలో అన్నది నేనని, ఏడాదిగా నోరు మూసుకున్నదీ నేనేనని. వాళ్లు నన్నేమంటారో తెలియదు. స్వరూప చెంప పగలగొట్టినా పగలగొడుతుంది. ప్యాకింగ్ లైన్లో ఇక నా మాట ఎవరూ వినకపోవచ్చు. భయంగానే ఉంది అన్నా. అయినా చెప్తాను.

నీకు చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. నువ్విక వినలేవు.

స్వరూప వింటుంది.

నీ చెల్లె,
అనసూయ