ముందు పోయే బండి

బేటా షాహుల్‌కు ప్రొద్దుటూరు నుంచి మీ అబ్బా దువాలు చెప్పి రాసే జాబు.

ఫోన్లో అయితే మీ అమ్మీ పక్కనే కూచోనుంటాది. అందుకే కాగితం మీద అడుగుతాండా. మొన్న ఆమెతో ఏం చెప్తివి? "మాది యుద్ధం చేసే ఓడ కాదమ్మీ, ఫ్రిగేటు. చమురు ఓడలకు తోడు పోతాది, ఉత్త ఎస్కార్టు" అంటివి. ఆమె నమ్మి దర్గాలో చక్కెర చదివించింది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు.

ఉత్త తోడే అయితే దానికి అన్ని హంగులు ఎందుకప్పా? వెనకటికి ఇట్లాంటి ఓడలు నీళ్ల కింద దాక్కున్న సబ్‌మెరైన్లను ఎతికేటివని, ఇప్పుడు ఆకాశంలో వచ్చే మిసైళ్లను, డ్రోన్లను గూడా కూల్చాలని నువ్వే చెప్తివి. అంటే కింద నుంచీ వస్తాయి, పై నుంచీ వస్తాయి.

నేను జమ్మలమడుగులో ఫ్యాక్షను నడిపే పెద్దాయనకు ఎస్కార్టు జీపు తోలినోణ్ణి. నడిమి కారులో ఉండే మనిషిని చంపాలంటే మొదట ముందు జీపును ఆపాల. ఎర్రగుంట్ల దోవలో కల్వర్టు మోరీ కాడ తొలి బాంబు పడింది నా జీపు మీదనే. పెద్దాయన కారు వెనక్కి తిప్పుకోని బతికిపాయ.

చమురు ఓడ సంగతి నాకొద్దు. మీ ఓడ ముందు పోతాందా, పక్కన పోతాందా? నిజం రాయి. జాబు ఇంటికి కాదు, హబీబుల్లా టీ అంగడికి పంపు.

అమ్మీకి నేనేం చెప్పనులే. టైరు పగిలి నా ఎడమ చెవి వినికిడి పోయిందనే ఆమె ఈ పొద్దుకీ నమ్ముతాంది.