సౌండు తగ్గించినవాడు

సెక్టర్ 6, భిలాయి
మంగళవారం

కుముదక్కా,

అన్యాయం జరిగింది. చేసినవాడు సత్యప్రసాద్, మన తెలుగు సంఘం సెక్రటరీ, రిటైరైన ఇంజినీరు. ఫోన్లో చెబితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ప్రతి ఆదివారం సంఘం హాల్లో నాన్న రికార్డులు వేస్తాడు కదా. ఇక సత్యప్రసాద్ ఆ రికార్డు ప్లేయర్ని అటకెక్కించి, దాని స్థానంలో అగ్గిపెట్టెంత డిజిటల్ ప్లేయర్ పెడతాడట. "గరగరలుండవు, అరుగుదలుండదు, వెయ్యి పాటలు జేబులో పడతాయి" అన్నాడు మీటింగులో. నేను లేచాను. రికార్డులో గొంతు గాడిగా చెక్కి ఉంటుంది, సూది దాన్ని తడుముతూ పాడుతుంది. మీ పెట్టె ఆ గొంతుని ముక్కలుగా కోసి, అంకెలు చేసి, మళ్ళీ అతుకుతుంది, అతుకులేసిన నిజం నిజమెలా అవుతుందని అడిగాను. "ఒరే రాజాబాబూ, ఏ కరపత్రంలో చదివేవురా ఇది?" అన్నాడు. హాలంతా నవ్వింది. నాన్న మాత్రం తల వంచుకుని రికార్డు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఉక్కు మిల్లులో ఒళ్ళు హూనం చేసుకున్న మనిషిని ఇలా పక్కకి నెట్టేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?

పోటీ పెట్టాను. తెర వెనక రెండూ ఉంటాయి, రెండిట్లోనూ ఒకే వేణువు కచేరీ. ఏది ఏదో నాన్న చెప్తాడు. సౌండు ఎక్కువున్నదే చెవికి బాగుందనిపిస్తుందని ఎక్కడో చదివాను. కాబట్టి రెండిటినీ సమానంగా, బాగా తగ్గించి పెడతాను. నాన్న ఎప్పుడూ పెట్టేటట్టు ఫుల్లుగా పెట్టి గెలవడం గెలుపు కాదు. న్యాయంగానే ఓడిస్తాం చూడు.

నీ తమ్ముడు
రాజాబాబు


సెక్టర్ 6
సోమవారం

అక్కా,

మొన్నటి ఉత్తరం చింపెయ్యి. అన్యాయం చేసింది నేను.

నిన్న పోటీకి నెహ్రూ నగర్ నుంచి కూడా జనం వచ్చారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. "వద్దురా, ఈ పోటీలు మనకేటికి" అని పొద్దుట్నుంచీ అంటూనే ఉన్నాడు. ఓడిపోతానని భయం కాబోలనుకుని నేనే ధైర్యం చెప్పాను. మొదటిది వేశాను. నాన్న కళ్ళు మూసుకుని తలూపాడు. అది ఆపి, రెండోదానికి వైరు మారుస్తున్నాను. ఫ్యాన్ల చప్పుడు తప్ప హాల్లో ఏమీ లేదు. తెర పక్కనుంచి చూస్తే నాన్న తల ఇంకా ఊగుతూనే ఉంది. చెయ్యెత్తి, గట్టిగా, "ఇదీ రికార్డంటే! ఎంత నిండుగున్నాదో చూడండి!" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా. నాన్న కళ్ళు తెరిచి ఆ నోళ్ళన్నీ చూశాడు. సత్యప్రసాద్ గారొక్కరే నవ్వలేదు. లేచి, "ఏటయ్యా ఆ నవ్వులు? ఈ వైపు బాక్సులో వస్తన్నాది, మీకే ఇనపడ్డం లేదు" అని అందరి ముందూ అబద్ధమాడి, నాన్న భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళారు.

నాన్నకి చెవులు సరిగ్గా వినపడవని ఆయనకి ఎప్పటినుంచో తెలుసట. ఇంట్లో చెప్పొద్దని నాన్నే ఒట్టు వేయించుకున్నాడట. ఆ చిన్న ప్లేయరైతే పాట నేరుగా చెవిలోకి పంపుతుంది, ఎవరికి కావలసినంత వాళ్ళు పెంచుకోవచ్చు, అందరితోపాటు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే నాన్న మీద ఎవరికీ అనుమానం రాదు. ఒట్టుకి కట్టుబడి ఆ మాట అనలేక, గరగరలూ అరుగుదలా అన్నారు. ఏది బాగా వినిపిస్తుందో తేల్చేద్దామని ఎగిరాను గానీ, ఎవరికి అని నేను ఒక్కసారీ అడగలేదు.

ఇవాళ పొద్దున్న నాన్న దగ్గర కూర్చుని, ఎవర్ని నిలదీయాలో చెప్పమని కాగితం మీద రాసి చూపించాను. "ఎవర్నేటి నిలదీస్తావురా? మిల్లు మోతకి చెవులకెట్టుకోమని ఇచ్చినవి నానే తీసి జేబులో ఏసుకునేవోణ్ణి. పక్కోడు పిలిస్తే ఇనపడదని" అన్నాడు. కరపత్రం రాద్దామంటే శత్రువే దొరకలేదక్కా.

ఇంకొకటి. నువ్వు ఫోన్ చేస్తే నాన్న రెండు మాటలకే అమ్మ చేతికిచ్చేస్తాడని, నీ మీద ప్రేమ లేదని నువ్వు చరోదా నుంచి ఇటు రావడమే మానేశావు. అది కూడా అడిగాను. "దానిది సన్న గొంతు. మాటాడతన్నాదని తెలస్తాది గానీ ఏటంటన్నాదో తెల్దు. మళ్ళీ మళ్ళీ అడిగితే కనిపెట్టేస్తాది కదా" అన్నాడు. అని కిటికీ వైపు తిరిగిపోయాడు. మనం మొండితనమని తిట్టుకున్నదంతా ఇదేనక్కా.

ఇక హాలు గడప తొక్కనంటున్నాడు. అందుకని హాల్లోవాళ్ళనే ఇంటికి పిలుస్తున్నాను. నవ్విన ప్రతి ఇంటికీ వెళ్ళి, తలుపు తట్టి చెప్పి వచ్చాను. చాలామంది నా కళ్ళలోకి చూడలేదు, కానీ వస్తామన్నారు. సత్యప్రసాద్ గారు ప్లేయర్ తెస్తారు, మన రికార్డులూ ఉంటాయి. ఎవరూ ఎవర్నీ ఓడించరు. నువ్వూ బావా రండి. వెనకనుంచి పిలవకు, ఎదురుగా కూర్చుని, నీ పెదాలు కనిపించేటట్టు నిదానంగా మాట్లాడు. ఆదివారం సాయంత్రం ఐదున్నరకి, మన క్వార్టర్ వరండాలో. అందరికన్నా ముందు నువ్వుండాలి.

రాజాబాబు