నీ తెలుగు కామెంట్లు తియ్యలే అన్నా

అయినా ఈ విండోస్‌కు తెలుగంటే అంత కడుపుమంట ఎందుకు, యోహానన్నా? నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. కోయ భాష మాటల్ని అక్షరాల వరుసల పెట్టనీకి నువ్వు లైనక్స్ మీద సి భాషల రాసి, అందరికి ఉత్తగనే ఇచ్చిన కోడ్ లైబ్రరీ ఉంది కదా, దాన్ని పినపాక బడిల విండోస్ కంప్యూటర్ల మీద నడిచేటట్టు బిల్డ్ చెయ్యనీకి కూసుంటి.

రాసింది మిషన్ భాషలకు మార్చే కంపైలర్ నీ కోడ్‌ను పెద్దగ ఏమనలే. సదివేటోళ్ల కోసం పక్కపొంటి నువ్వు తెలుగుల రాసిన కామెంట్ల మీదనే మొత్తుకుంది. "అవి తీసెయ్, లేకున్నా నడుస్తది" అన్నరు తెలిసినోళ్లు. నడుస్తది, నిజమే. కానీ ఊరి బడి ఇంగ్లీషుతోని వచ్చిన నాకు సి నేర్పింది అవే కదా. "తీసుకున్న మెమరీ తిరిగియ్యి నర్సిగా, నా గొడ్డలి లెక్క ఇంట్ల పెట్టుకోకు" అని నా కోసమే రాస్తివి.

ఒక్క అక్షరం తియ్యలే. వారం కొట్లాడినంక, ఫైళ్లు తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8ల ఉన్నయని కంపైలర్‌కు చెప్పే ఒక్క స్విచ్ దొరికింది. పొద్దుగాల బిల్డ్ అయింది. బడి పిల్లలు వాళ్ల కోయ మాటలు వాళ్లే తెర మీద సదువుకున్నరు. నీ పుణ్యమే అన్నా.

ఆఖరి ఫైల్ అడుగున "ఇంతదాక వచ్చినవంటే లేచి ఛాయ్ తాగు" అని రాసినవ్. ఇయ్యాలనే చూసిన. గొడ్డలి ఇంక నా కాడనే ఉంది, రేపు వదినకు తిరిగి... ఆగు, మా ఇంటామె "ఛాయ్ సల్లారుతాంది, వస్తవా రావా?" అని పిలుస్తాంది. నువ్వు చెప్పినట్టే లేచి...