ఐదు స్టార్ల వెనక సీటు

ప్రియమైన తమ్ముడికి,

ఇవాళ ప్రియం కాస్త తక్కువే. ఫోన్ చేస్తే అరిచేస్తానని రాస్తున్నాను. కారు కొన్నావని అమ్మ చెప్పింది. అదే మోడల్ అని వినగానే ఒళ్లు మండింది. కార్లను గోడకు గుద్ది చూసే ల్యాబులో పదేళ్లుగా పనిచేస్తున్న అక్క ఉండగా, కొనే రోజు ఒక్క మాట చెప్పాలనిపించలేదా? రంగు చూసి మురిసిపోయి ఉంటావు. వెంటనే తిరిగిచ్చెయ్. ఎందుకని అడగొద్దు.

నీ అక్క

అక్కా,

నీ ఉత్తరం చదివాక నాకూ మండింది. ఆ కారు కొననా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "చూద్దాంలే" అని మాట మార్చావు. పాపను రోజూ హైవే మీద బడికి తీసుకెళ్లాలి, ఇంకెన్నాళ్లు చూడను? షోరూమ్‌లో భద్రతా రేటింగ్ కాగితం చూపించారు. ఐదు స్టార్లు. నేను చూసింది రంగు కాదు, కింద ఉన్న నీ సంతకం. మా అక్కదే అని అక్కడున్న వాళ్లందరికీ చూపించాను. మా ఆవిడ ఇంకో కారు అంటే నోరు మూయించాను కూడా. కారణం చెప్పు. చెప్పకపోతే రేపూ పాప ఆ వెనక సీట్లోనే కూర్చుంటుంది.

తమ్ముడు

తమ్ముడూ,

పరీక్షలో కూర్చోబెట్టే బొమ్మల ముఖాలకు తడి రంగు పూసేది నేనే. తల ఎక్కడ తగిలిందో ఆ మరక చెబుతుంది. ఆ కారును మొదటిసారి గుద్దినప్పుడు వెనక సీటు ఊడి వచ్చింది. పిల్ల బొమ్మ ముఖాన ఉన్న రంగంతా ముందు సీటుకు అంటుకుంది. నెల తర్వాత కంపెనీ ఇంకో కారు పంపింది. దాని సీటు కింద మందపాటి ఇనుప పట్టీ వేసి ఉంది. అమ్మే కార్లలో అది లేదు. మేనేజర్‌కి చెప్పాను.

"వచ్చిన కారును గుద్దడమే మన పని," అన్నాడు.

ఆ రెండో కారుకు వచ్చిన ఐదు స్టార్ల కాగితం మీద సంతకం పెట్టాను. ఎవరి పిల్లలో కూర్చుంటారులే అనుకున్నాను. నీకు చెప్పడానికి మొహం చెల్లక మాట మార్చాను. నిన్ను తిట్టిన తిట్లన్నీ నాకు తగలాల్సినవే, నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఈ పొద్దున మొదటి పరీక్ష ఫోటోలు, పట్టీ సంగతి రాసి రేటింగ్ బోర్డుకూ పేపర్లకూ పంపాను. మధ్యాహ్నానికి మేనేజర్ నా గుర్తింపు కార్డు లాక్కున్నాడు. పోతే పోనీ. పాపను అందులో ఎక్కించకు. ఆ కాగితం నమ్మి ఇంకా ఎంతమంది కొన్నారో తెలియదు. వాళ్లలో నాకు తెలిసిన చిరునామా నీదొక్కటే.

అక్క