వంకర చుక్కలు

అనకాపల్లి, గురువారం.

రేపు మనవరాలు శ్రావణికి యూనివర్సిటీలో సెమినార్. సూపర్‌కండక్టర్ల మీద చేసిన పరిశోధన పెద్దల ముందు చెప్పాలి. ముందు నాకు అర్థమయ్యేలా చెబితేనే కాఫీ అన్నాను. రెండుసార్లు తడబడింది. విసుక్కుని మేడెక్కి, అంతలోనే వాకిట్లోకి దిగి కేకేసింది.

“నాన్నమ్మా, ఇలా రా! మేడ మీంచి చూత్తే నీ ముగ్గు చుక్కలన్నీ వరసలోనే ఉన్నాయి. దగ్గర్నుంచి చూడు, కొన్ని పక్కకి జరిగిపోయేయి!”

“చలికి వేళ్లు కొంకర్లు పోయేయే. అయితే ఏటి?”

“నా స్ఫటికం కూడా ఇంతే! బాగా చల్లబరిత్తే మొత్తమ్మీద వరస మారదు. లోపల కొన్ని పరమాణువులు మాత్రం ఇలా జరుగుతాయి. కరెంటు అడ్డు లేకుండా పారేదీ ఆ చలిలోనే.”

“ఆ జరగడం వల్లే పారుతోందా?”

“అదింకా తేలలేదు.”

“రేపు ఆ ముక్క కూడా చెప్పు. దాచకు.”

ఈసారి తడబడలేదు. కాఫీ ఇచ్చాను. ఆ ముగ్గు ఫొటోనే రేపు అందరికీ చూపిస్తుందట! చెరిపి తిన్నగా వేస్తాను, అప్పుడు తియ్యమన్నాను.

“తిన్నగా ఉంటే నాకెందుకు పనికొత్తాది?” అని నవ్వింది.

వీధిలో అందరి ముగ్గుల్లోనూ తప్పులు పట్టేదాన్ని. రేపు నా వంకర చుక్కలే పిల్లను గట్టెక్కించాలి...