శ్రుతి దించిన పాట

మార్చి 2
గొంతు మళ్లీ పట్టేసింది. మిరియాల పాలు, ఉప్పునీళ్లు, మౌనం — అన్నీ అయ్యాయి. ఆదివారం ఆలూరు జాతర. నా పాట పడకపోతే అక్కడ జనం కాలు కదపరు.

మార్చి 3
రాజంపేటలో రిహార్సల్. మంగంపేట నుంచి కొత్తమ్మాయి వచ్చింది, శిరీష. నా జాతర పాటే ఎత్తుకుంది. పై స్వరం అవలీలగా అందుకుంది. ఆర్కెస్ట్రా ఓనరు ఓబులేసు తల ఊపాడు — "శానా బాగ పాడినావు పాపా." నాకేసి చూడలేదు. కడుపు మండింది. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకోను.

మార్చి 4
ఇద్దరం కలిసి పాడాలట. మొదలుపెట్టగానే శిరీష ఆగిపోయింది. "అక్కా, శ్రుతి కిందికి ఉండాది. ఫోన్లో ఇనింది ఇట్ల లేదు."

కీబోర్డు ముందు మస్తాన్ తల వంచుకున్నాడు... టీకొట్టు దగ్గర పట్టుకుని నిలదీశాను.

"పోయిన దసరా నుంచి అక్కా. నువ్వు కష్టపడతాంటే సూడలేక, కీబోర్డులో బటన్ నొక్కి శ్రుతి కొంచెం కొంచెం దించినా."

నలుగురిలో నా పరువు కాపాడాడు. అయినా చెంప పగలగొట్టాలనిపించింది. ఇన్నాళ్లూ గొంతు బాగుపడుతోందని మురిసిపోతున్నాను, పిచ్చిదాన్ని.

మార్చి 5
రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 6
ఓబులేసు ఫోన్. "పాపకు పై శ్రుతి, నీకు కింది శ్రుతి. యాడ కుదురుతాదమ్మా? పాట ఆ పాపకిద్దాం. నువ్వు మైకు పట్టుకొని జనాన్ని పలకరించు."

నా పాటకు నేను యాంకరునట. "పాత పై శ్రుతిలోనే పాడతా, నేనే పాడతా" అన్నాను. నీ ఇష్టమన్నాడు. ఫోన్ పెట్టాకే గుర్తొచ్చింది. కడప డాక్టరు చెప్పనే చెప్పాడు — బలవంతంగా లాగితే ఉన్న గొంతూ పోతుందని.

మార్చి 8
ఆలూరు. స్టేజీ వెనక ప్లాస్టిక్ కుర్చీ. డప్పులు, దుమ్ము, ఈలలు.

మస్తాన్ వచ్చి గుసగుసగా — "దించనా అక్కా? ఎవురికీ తెలీదులే. శిరీష గూడా ఏమీ అననని చెప్పింది."

ఆ పిల్ల జాలిపడిందన్నమాట. దానికంటే ఓబులేసు మాటే నయం.

"బటన్ ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా" అన్నాను. నవ్వాడు. సరే అని మాత్రం అనలేదు.

మైకులో నా పేరు పిలుస్తున్నారు. మస్తాన్ ఎప్పుడూ నా మాట జవదాటడు... ఈ ఒక్కసారికి దాటితే బాగుండు.