ఆరున్నొకటి

నాన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక, నువ్వు నాకు నేర్పిన 142857ని మా సింధుకి చూపించాను. రెండు నుంచి ఆరు దాకా దేంతో హెచ్చవేసినా అవే ఆరు అంకెలు చోట్లు మార్చుకుని వస్తుంటే అది చప్పట్లు కొట్టింది.

"తర్వాత దేంతో అమ్మా?"

"ఆరున్నొకటితో."

"అంటే ఎంత?"

కొవ్వూరులో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు నువ్వలాగే అనేవాడివి. ఏడు అంటే ఎవరినో ఏడవమన్నట్టుంటుందని, గింజల ముందు ఆ మాట అననిచ్చేవాడివి కాదు. నాకూ అదే అలవాటైపోయింది. కానీ పిల్లకి అర్థం కావాలి కదా.

"ఏడు" అన్నాను.

సింధు ఫోన్‌లో లెక్క కట్టింది. వరసగా ఆరు తొమ్మిదులు వచ్చాయి.

"మన అంకెలు ఒక్కటీ లేవేంటమ్మా? ఎక్కడికెళ్ళిపోయాయి?" అంది.

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది, నాన్నా.